హారన్‌కు బదులిచ్చే టర్కీ పుంజు

రెండు నెలల కింద చండ్రుగొండ వైపు నాలుగు టర్కీ కోళ్లు కొని, నాటుకోళ్లను తెచ్చినట్టే కాళ్లు కట్టి బైకు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీశాను. కల్లూరు చేరేసరికి ఒక్కటీ బతికి లేదు. టర్కీల పెంపకం గురించి ఫోన్లో వీడియోలు పెట్టి గంటలు గంటలు ఊదరగొట్టేవాళ్లలో ఒక్కడూ వాటిని ఇంటికెలా తేవాలో చెప్పడు. ఆ మంట నాకింకా చల్లారలేదు. నేను ఖమ్మంలో గ్రానైటు పాలిష్ పని చేస్తాను. మాంసానికి టర్కీలు పెంచి ఆ రాతి దుమ్ములోంచి బయటపడాలని నా ఆలోచన. కల్లూరులో అమ్మ మేకల కొట్టం ఖాళీ చేసి ఇచ్చింది. "ఈపాలి గూడ సచ్చినయే తెస్తే మళ్ల మేకల్నే కట్టేస్త" అని ముందే చెప్పింది. అందుకే సెలవు రోజు చూసుకుని మళ్లీ బయల్దేరాను.

ఉదయం ఐదున్నర బస్సుకు ఖమ్మం నుంచి కొత్తగూడెం, అక్కడి నుంచి షేర్ ఆటోలో చండ్రుగొండ. తొమ్మిదికల్లా దిగాను. అడవి అంచు గూడేనికి ఇంకో మూడు కిలోమీటర్ల నడక. అక్కడ సమ్మక్క అనే కోయ రైతు ఆరేళ్లుగా టర్కీలు పెంచుతోంది. నేను వెళ్లేసరికి గంపలో ఒక నాటుకోడి పొదుగుతోంది. దాని కింద పెద్ద మచ్చల గుడ్లు, మామూలు గుడ్లు కలిసి ఉన్నాయి.

"రెండు రకాలెందుకక్కా?"

"టర్కీ పిల్లకు తెలివి తక్వ తమ్మీ. ముందల నూకలు పోసినా తినుడు తెల్వక సస్తది. నాటుపిల్ల పొడుస్తాంటే చూసి నేర్సుకుంటది."

టర్కీ గుడ్డుకు ఇరవై ఎనిమిది రోజులు, నాటుగుడ్డుకు ఇరవై ఒకటి. అందుకని టర్కీ గుడ్లు ముందు పెట్టి, వారం తర్వాత నాటువి చేరుస్తుంది. అన్నీ ఒకేసారి పగులుతాయి. నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ ముక్క లేదు.

నా పాత కథ విని ఆమె నవ్వలేదు. "నిన్ను కాళ్లు కట్టి యేలాడదీస్తే కల్లూరు దాంక బతుకుతవా? దాని బరువే దాని ఊపిరి తీసింది. మేత గూడ పెట్టి తోల్కపోయినవ్ గద?"

పెట్టాను. దారిలో ఆకలేస్తుందని కడుపు నిండా పెట్టాను.

ముందే ఫోన్ చేసి ఉన్నాను కాబట్టి ఒక పుంజును, నాలుగు పెట్టలను ప్రయాణానికి కడుపు ఖాళీగా ఉండాలని పొద్దుటి నుంచి మేత వేయక నీళ్ల మీదే ఉంచింది. ఐదింటికీ ఎనిమిది వేలు. ఎండ దిగేదాకా నన్ను కదలనివ్వలేదు. నాలుగున్నరకు వాటిని వెడల్పాటి వెదురు గంపల్లో పెట్టి, చండ్రుగొండ నుంచి పిలిపించిన ట్రాలీ ఆటో ఎక్కించాం. కిరాయి పద్దెనిమిది వందలు. "పుంజు అరుస్తాంటే భయం లేదు. ఊకుంటే చూస్కో" అంది సమ్మక్క.

డ్రైవర్ నాగులు హారన్ కొట్టినప్పుడల్లా పుంజు గుళగుళమని బదులిచ్చేది. "ఏందన్నా, నేను లారీని తిడితే ఇది నన్ను తిడ్తాంది" అని అతను ఊరికే కొట్టేవాడు. ఏన్కూరులో చాయ్ తాగి బయల్దేరాం. తల్లాడ దగ్గర హారన్ కొట్టాడు. బదులు లేదు. మళ్లీ కొట్టాడు. లేదు.

"సల్లగాలి తగుల్తదని ఏన్కూర్ల పట్టా కప్పిన" అన్నాడు మెల్లగా.

నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. బండి ఆపించి టార్పాలిన్ పట్టా లాగితే లోపల ఉడుకు ఆవిరి. ఐదూ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. కాళ్ల మీద, తలల మీద నీళ్లు చల్లాను. నాగులు అట్టముక్క చింపి ఆగకుండా విసిరాడు. ఇరవై నిమిషాలయ్యాక రొప్పు తగ్గింది.

"హారన్ నువ్వే కొట్టన్నా, నాకు భయమైతాంది."

కొట్టాను. పుంజు మెడ సాచి మా ఇద్దర్నీ కలిపి తిట్టింది.

గ్రానైటు పలక పగిలితే మా జీతం కోస్తారని దాన్ని ఆనించి, తాళ్లు బిగించి పసిపిల్లలా తీసుకెళ్తాం. ప్రాణమున్నదాన్ని మాత్రం హ్యాండిల్‌కు వేలాడదీశాను. నా కోపం వీడియోలవాళ్ల మీద అనుకున్నా, అందులో సగం నా మీదే. కల్లూరులో బండి ఆగగానే అమ్మ వాకిట్లోంచే, "బతికున్నయారా?" అంది. నేను హారన్ నొక్కాను. జవాబు విని ఆమె మేకల కోసం కొట్టం గుంజకు కట్టి ఉంచిన ఖాళీ తాడు విప్పి తీసుకెళ్లింది. మీరు టర్కీలు తెచ్చుకునేటట్టయితే పెట్టలతోపాటు ఎదిగిన పుంజునొకదాన్ని ఎక్కించుకోండి. పది కిలోమీటర్లకోసారి హారన్ కొట్టండి. తిట్టు వినబడకపోతే బండి ఆపండి.