రూతమ్మ టీచర్ ఆపేసిన పరుగు

ఎండాకాలం జగిత్యాల బస్టాండులో దిగితే నన్ను ముందుగా పలకరించేది తడి గోనెసంచి వాసన. చలివేంద్రంలో రంజన్లకు, ఆ పెద్ద మట్టికుండలకు, చుట్టిన గోనెల మీద ఎవరో ఒకరు నీళ్లు చల్లుతూ ఉంటారు. జనం చల్లటి నీళ్లకోసం ఎగబడతారు. నేను మాత్రం కాసేపు అలా నిలబడిపోతాను. చిన్నప్పుడు ఒకసారి ఇదే వాసన మధ్య కళ్లు తెరిచాను. ఎదురుగా రూతమ్మ టీచర్ ముఖం కనిపించింది.

ఆమె కోరుట్లలో మా ఆడపిల్లల బడికి డ్రిల్ టీచర్. సొంతూరు గొల్లపల్లి దగ్గర. గుంట భూమి లేని కూలి కుటుంబంలో పుట్టి, చర్చి వాళ్ల హాస్టల్లో చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. కుచ్చిళ్లు ఎగదోపి, మెడలో ఈల వేసుకుని మాతో సమానంగా ఉరికేవారు. మా ఇంట్లో అమ్మ బీడీలు చుట్టేది. నాన్న సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. పండక్కో పబ్బానికో ఇల్లు చేరేవాడు. నాకున్న ఆస్తల్లా నా రెండు కాళ్లే. ఆ సంగతి నాకు చెప్పింది కూడా టీచరే. జిల్లా పోటీలో మొదట వస్తే క్రీడల హాస్టల్లో సీటు వస్తుంది, తిండీ చదువూ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే ఒళ్లో బీడీల చాట ఎలాగూ తప్పదు.

మొదట్లో తెల్లవారకముందే మెట్‌పల్లి రోడ్డు మీద పరుగెత్తేవాళ్లం. అవి అన్నల కాలం. నక్సలైట్లను మా వైపు అలాగే పిలిచేవారు. ఒకరోజు పోలీసు జీపు మాకు అడ్డంగా వచ్చి ఆగింది. దిగినాయన మమ్మల్నీ, టీచర్ మెడలోని ఈలనీ చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది? గీ చీకట్ల గిట్ల ఉరుకుతుంటే ఎవ్వలనుకోవాలె? మావోళ్ల చేతుల తుపాకులున్నయ్. పోరగాండ్లని నాకైతే ఎరికైంది, ఇంకొకనికి ఎరికైతదా?"

అటు అన్నల వైపు నుంచీ కబురు వచ్చింది, ఈ పిల్లల్ని పోలీసు ఉద్యోగాలకు తయారు చేస్తున్నారా అని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం పెట్టుకుందామంటే ఇళ్లకు చేరేసరికి చీకటి పడుతుంది, మళ్లీ అదే భయం. ఇక మిగిలింది ఒంటిపూట బడి వదిలే వేళ. మా ఉరుకుడును ఎవరూ అనుమానించని సమయం అదొక్కటే. ఆ ఎండలో ఉరికేది పిచ్చివాళ్లేనని అందరికీ గట్టి నమ్మకం మరి.

టీచర్ తొందరపడలేదు. కొన్నాళ్లు ఎండలో ఊరికే నడిపించారు. తర్వాత ఒక చుట్టు పరుగు, మధ్యలో చెట్టు నీడ, ఉప్పేసిన గంజి. ఒళ్లు ఎండకు అలవాటు పడేకొద్దీ చుట్లు పెంచారు. ఆమెకు ఒక వింత అలవాటు ఉండేది. మేం ఎదుటికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పనికిరాని ప్రశ్న వేసేవారు.

"ఏమే, ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?"

"కోడికూర టీచర్! మీకు పంపియ్యమన్నరా?"

"మాటలు మంచిగనే వస్తున్నయ్, ఉరుకు ఉరుకు!"

నీడలో నిలబడ్డ మనిషికి పొద్దుపోవడం లేదు కాబోలు అనుకునేవాళ్లం. ఒక్కోసారి నాకు ఒళ్లు మండిపోయేది. ఆయాసంతో చస్తుంటే కూరల ముచ్చట ఏమిటి?

పోటీ జగిత్యాలలో పెట్టారు. పొద్దున్నే పరుగన్నారు. కానీ ముఖ్య అతిథి వచ్చే దారిలో కల్వర్టుల కింద మందుపాతరలున్నాయేమోనని వెతుకుతున్నారట. ఆయన కారు దిగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అప్పటిదాకా మమ్మల్ని ఎండలోనే వరుసల్లో నిలబెట్టారు. తాగడానికి తెచ్చిన నీళ్లు ఎప్పుడో అయిపోయాయి, గేటు బయటి చలివేంద్రానికి వెళ్లనివ్వలేదు. పరుగును సాయంత్రానికి మార్చమని టీచర్ బతిమాలారు. చీకటి పడేలోపు అతిథి వెనక్కి వెళ్లాలి కాబట్టి కుదరదన్నారు. నా పరుగు చూడటానికి నాన్న మొదటిసారి సిరిసిల్ల నుంచి వచ్చాడు. టీచర్ పక్కనే నిలబడి తువ్వాల ఊపుతున్నాడు.

మొదటి చుట్లు నాకు బాగా గుర్తున్నాయి. నా ముందు ఎవరూ లేరు. తర్వాత ఆ మండుటెండలో నాకు చలి పుట్టింది, ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. హాయిగా ఉందే అనుకున్నాను. ఆపైన జరిగిందంతా నాన్న చెప్పిందే.

ఇంకొక్క చుట్టు మిగిలి ఉండగా వాళ్ల ముందుకు వచ్చానట. టీచర్ గట్టిగా అరిచారు.

"బిడ్డా, మీ నాయిన యాడున్నడే?"

నేను నాన్న ముఖంలోకి సూటిగా చూసి, "సిరిసిల్లల సాంచా నడుపుతుండు" అన్నానట.

టీచర్ గీత దాటి దూకి నన్ను పట్టేసుకున్నారు. నేను రక్కాను, కొరికాను. ఆమె వదల్లేదు. వెనకనున్న పిల్ల మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. ఎవరో జీపు తెమ్మని అరిస్తే టీచర్ కసిరారట.

"ముందుగాల నీళ్లు గుమ్మరియ్యుండ్రి! ఒళ్లు సల్లవడ్డంకనే దవాఖాన!"

చలివేంద్రం రంజన్ల మీది గోనెలన్నీ లాక్కొచ్చి నాకు చుట్టారు. కుండలకొద్దీ నీళ్లు పోశారు. అట్టలతో విసిరారు. నేను కళ్లు తెరిచి "నాయినా" అన్నాకే జీపు ఎక్కించారు.

చేతికందిన ముద్ద నోటికందలేదు. హాస్టల్ సీటు ఆ పిల్లకు వెళ్లింది. నేను మళ్లీ బీడీల చాట పట్టుకున్నాను. టీచర్ ఇంటికి వస్తే ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఆమె పోలేదు. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఒక్క సుట్టే గద టీచర్, ఎందుకాపిండ్రు? నా బతుకు ఆగం జేసిండ్రు."

"తిట్టు బిడ్డా. ఎన్నేండ్లన్న తిట్టు. తిట్టెటందుకన్న నువ్వుండాలె గద" అన్నారు. నాకు కోపం మాత్రం తగ్గలేదు.

ఆలస్యంగానైనా నేనూ చదివి డ్రిల్ టీచర్‌నయ్యాను. పరుగెత్తే కండరాలు ఎంత వేడి పుట్టిస్తాయో, చెమట ఆ వేడిని ఎలా బయటికి మోస్తుందో చదువుకున్నాను. ఒంట్లో నీళ్లు తగ్గితే చెమటకూ నెత్తురుకూ రెంటికీ కరువే. అప్పుడు లోపలి వేడి మెదడుకెక్కుతుంది. కాళ్లు ఇంకా పరుగెత్తుతూనే ఉంటాయి, మాట మాత్రం తప్పిపోతుంది. కూరల ముచ్చట ఎందుకో అప్పుడర్థమైంది. అప్పటికి టీచర్ లేరు. ఉంటే కాళ్ల మీద పడేదాన్నని అబద్ధం చెప్పను. ఆ చివరి చుట్టు నేను పూర్తి చేసేదాన్నేమోనని ఇప్పటికీ ఒక్కోసారి బాధపడతాను. ఆమె మీద ప్రేమా, ఆ బాధా రెండూ నాతోనే ఉన్నాయి.

పోయిన వేసవిలో రాయికల్ పిల్ల ఒకతె, నా శిష్యురాలు, పోటీలో ముందుండగా తూలుతూ వచ్చింది. పలకరిస్తే ఏదో గొణిగింది. గీత దాటి వెళ్లి పట్టుకున్నాను. పక్కపిల్లలు బకెట్లతో నీళ్లు పోశారు. తేరుకోగానే నన్ను చూసి అందుకుంది.

"నీకేం తెలుసు మేడమ్? గెలిచెటిదాన్ని! నా నోట్ల మన్నువోసినవ్! నీ మొకం జూడ, పో!"

పిల్లలు నోరు మూయించబోయారు. నేను వద్దన్నాను. తడిసిన నేల మీద దాని పక్కనే కూర్చుని, ఒక్క ముక్క తడబడకుండా అది తిట్టే తిట్లన్నీ ఏడుస్తూ, నవ్వుతూ విన్నాను.