గ్రహణం రోజు ఎండ గీత

2019 జూన్‌లో నన్ను మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలోని ఒక చిన్న వాతావరణ కేంద్రానికి సీనియర్ పరిశీలకుడిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగ్. అక్కడ నాకు మహా ఇష్టమైన పరికరం ఎండ నమోదు యంత్రం. దానికి మోటారు లేదు, ముల్లు లేదు. గాజు గోళం, దానికి ఉత్తరాన గిన్నెలాంటి చట్రం, అందులో ఒక అట్టముక్క, అంతే. పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చిన ఎండను గోళం ఒక చుక్కగా కూర్చి అట్టను కాలుస్తుంది. పొద్దు కదిలినకొద్దీ చుక్క జరిగి గీత అవుతుంది. సూర్యుడు తన హాజరు తానే వేసుకుంటాడన్నమాట.

సూర్యాస్తమయం కాగానే అట్ట మార్చడం అటెండరు మల్లవ్వ పని. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద ఉంది. కూతురు అహేరిలో కాలేజీ చదువుతోంది, ఇల్లు ఈ జీతం మీదే నడుస్తోంది. ఏటా డిసెంబరు ఆఖరులో నేను రాసే రిపోర్టును బట్టే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తారు.

ఆ డిసెంబరు 26న సూర్యగ్రహణం. మా దగ్గర సూర్యబింబం సగానికి పైగా మూసుకుంటుంది. అట్ట మీద గ్రహణాన్ని చూడాలని నెల ముందు నుంచే ఉబలాటపడ్డాను. ఆ పొద్దున జ్వరంతో క్వార్టర్‌లోనే ఉండిపోయి, సాయంత్రానికి ఎలాగో ఆఫీసు చేరాను. అట్ట తీసి చూస్తే పొద్దుటి గీత ఒకచోట కనపడీ కనపడకుండా ఉంది. యంత్రం దగ్గర గరిక కట్ట! గ్రహణం పూట నీళ్ల కుండల మీద వేసినట్టే మల్లవ్వ దీనికీ రక్ష పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. 'అటెండరు పరికరానికి అడ్డు కలిగించింది' అని రిజిస్టరులో రిమార్కు రాసి, ఆమెకు చదివి వినిపించాను.

ఆమె ముఖం పాలిపోయింది కానీ మాట తడబడలేదు.

"గరికను గిన్నె ఎనుక, ఉత్తరం పక్క పెట్టిన సారూ. చలికాలం పొద్దు దక్షిణం పొంటి పోతది. గడ్డి నీడ ఉత్తరం దిక్కే పడ్తది. అట్ట మీదికి ఎట్ల వస్తది?"

నాకే పాఠం చెబుతున్నావా అన్నాను. ఆమె అట్టను నా ముందుకు జరిపింది.

"జర గీత సూడుండ్రి. ఏదన్న అడ్డం పడితే ఠక్కున తెగుతది. ఇది మెల్లగ సన్నగయింది, మళ్ల మెల్లగ లావయింది. గడ్డి గిట్ల చేస్తదా?"

భూతద్దం తీశాను. అట్ట మీద అచ్చువేసిన గంటల గుర్తులు సూర్యుడి లెక్క ప్రకారం ఉంటాయి. సిరోంచలో ఆ లెక్క మన గడియారం కంటే పది నిమిషాలు వెనుక. ఆ తేడా కలిపి చూశాను. గీత ఎనిమిది దాటాక సన్నబడడం మొదలై, తొమ్మిదిన్నరకు వెంట్రుకంతై, పదకొండు దాటాక మామూలైంది. నేను నెలరోజులు ఎదురుచూసిన గ్రహణమే అది. చేతిలో పెట్టుకుని గుర్తుపట్టలేకపోయాను. సిగ్గేసింది. మనసులో ఆమెకు దండం పెట్టుకున్నాను.

మా రిజిస్టర్లలో రాసింది చెరపకూడదు. ఒక గీతతో కొట్టేసి, పక్కన కారణం రాసి సంతకం చేయాలి. 'పరిశీలకుడి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. మల్లవ్వ కాంట్రాక్టు పొడిగించమని రిపోర్టు కూడా ఆ పూటే రాశాను. పరికరం చెప్పింది పూర్తిగా చదవకుండా మనిషి మీద రిమార్కు రాయకూడదు. సర్వీసు మొదట్లోనే తెలియాల్సిన ఈ సంగతి నాకు చివర్లో తెలిసింది.