నరేందర్ సారుకు తేలని మొక్క

నరేందర్ సారు దగ్గర ఏ సంగతీ ఒక పట్టాన తేలదు. మే నెల మిట్టమధ్యాహ్నం "ఎండ మండుతున్నది కద సారూ" అన్నా, కళ్లు చికిలించి ఆకాశం చూసి, "సాయంత్రం దాక ఆగాలె, ఇంకా తేలలే" అంటాడు.

జగిత్యాలలో మాది పక్కిల్లు. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. జేబులో పెన్ను మరిచిపోతాడేమో గాని భూతద్దం మరిచిపోడు. ఒకసారి ఆయన భార్య రమక్క సిరిసిల్లలో చీర కొనుక్కుని, కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎట్లున్న?"

సారు కొంగు పట్టుకుని భూతద్దం కింద పెట్టాడు. "ఒక పోగు గుంజి కాలిస్తే గాని నూలా, పాలిస్టర్ కలుపా తేలదు."

"నేనడిగింది చీర ముచ్చట గాదు!"

"గదైతే అసలుకే తేలలే."

ఆ పూట సారు మా ఇంట్లో తిన్నాడు. మా పప్పు ఎలా ఉందో కూడా తేలలేదు.

తీర్పు దేవుడిదే అంటారు మా పాస్టరు గారు. నరేందర్ సారైతే ఆ దేవుణ్ని కూడా వచ్చే ఆదివారం దాకా ఆగమంటాడు. అలాంటి మనిషి చేతికి దేవయ్య మొక్క చిక్కింది.

దేవయ్యది మల్లాపూర్ దగ్గర పల్లె. కల్లు గీసే మనిషి. తాటిచెట్టు మీది నుంచి పడితే తుంటి విరిగింది. ఆపరేషనయింది, ఎముక అతికింది, కర్ర పట్టుకుని నడవమని డాక్టరు చెప్పాడు. దేవయ్య మాత్రం మంచం దిగనన్నాడు. అన్నాళ్లూ ఊరు తనను తలెత్తి చూసింది. ఇప్పుడు తల వంచి జాలిగా చూస్తుంటే ఆయన ఓర్చుకోలేకపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లనల్లా తరిమాడు. పక్కింటి లసుమవ్వ అరటిపళ్లు తెస్తే, "బతికిన్నా, సచ్చిన్నా అని సూడ వచ్చినవా? పో!" అని ఆమెను పంపించేశాడు. పళ్లు మాత్రం ఉంచుకున్నాడు. క్రమంగా ఆ గడప తొక్కేవాళ్లే లేకుండా పోయారు.

నాయన మంచం చుట్టూ ఈగలు, దోమలు ముసురుతున్నాయని కూతురు వనిత ఆన్‌లైన్‌లో సండ్యూ మొక్క తెప్పించింది. అరచేతిలో పట్టేంత మొక్క. ఆకుల మీది ఎర్రటి వెంట్రుకల కొసలకు మంచుబొట్ల లాంటి జిగురు ఉంటుంది. దోమ వాలిందంటే మళ్లీ లేవదు. కుండీకి 'అసలు జాతి' అని చీటీ అంటించి ఉంది. వనిత చదివేది సారు దగ్గరే కనుక, "సార్, గిది నిజంగ అసలు జాతేనా, రెండు జాతుల కలుపా?" అని అడిగింది. ఎవరిని అడుగుతోందో ఆ పిల్లకు పాపం తెలియదు.

ఆదివారం ప్రార్థన కాగానే సారు నా స్కూటరెక్కాడు. కోరుట్లలో చాయ్‌కి ఆగాం.

"ఎట్లున్నది సారూ?"

"సగమే తాగిన, జాన్."

మేం గడపలో అడుగు పెట్టగానే దేవయ్య ఉరిమాడు. "నన్ను సూడ వచ్చిన్రా?"

"నిన్నెవడు చూస్తడయ్యా? మొక్కేది?" అన్నాడు సారు.

దేవయ్య వేలెత్తి మంచం పక్కనున్న కుండీని చూపించాడు. చెట్టు మీది నుంచి పడ్డాక ఆయన మీద జాలిపడని మొదటి మనిషి ఈయనే.

సారు భూతద్దంతో మొక్కంతా గాలించాడు. "ఆకేమో ఒక జాతి లెక్క. పూల కాడ మీది నూగేమో ఇంకో జాతి లెక్క. కాయ ముదరాలె. గట్టి గింజలుంటే అసలు జాతి అనుకోవచ్చు. అంతా తాలైతే, కలుపు."

"వడ్ల తీరుగనా?"

"వడ్ల తీరుగనే. వచ్చే ఆదివారం వస్త."

వచ్చే ఆదివారం తేలలేదు. ఆ తర్వాతా తేలలేదు. వెళ్లినప్పుడల్లా సారు కొత్త పేచీ పెట్టేవాడు.

"లోపల చీకటి. జిగురు ఎండుతున్నది. అరుగు మీద పెట్టు."

"నా బిడ్డ పెడ్తది."

"అది కాలేజీకి పోతే కుండీని నీడకెవరు జరుపుతరు? ఎండ నీ తీరుగ మంచంల పండుకుంటదా?"

దేవయ్య తిట్టుకుంటూ కర్ర అందుకున్నాడు. మంచం నుంచి గడప దాకా వచ్చాడు, గడప నుంచి అరుగు దాకా. బోరునీళ్లు ఆ మొక్కకు విషమని సారు చెప్పాక, పెరట్లో పట్టిన వాననీళ్ల బకెట్ దాకా నడిచాడు. సారును తిట్టని అడుగు ఒక్కటీ వేయలేదు.

ఒకనాడు దేవయ్య అలా నీళ్లకు వెళ్లాడు. సారు అటూ ఇటూ చూసి, పూలు వాడిన కాడను గోటితో పుటుక్కున తుంచి జేబులో వేసుకున్నాడు.

"అయ్యో సారూ! కాయ లేకుంటె ఇగ ఎన్నడు తేలాలె?"

"మెల్లగ, జాన్! తేలితే వచ్చే ఆదివారం ఏం జెప్పి వస్త?"

"అంటే మీకు..."

"మొదటి రోజే ఎర్కైంది. కలుపే."

ఆయన నోట తేలిన మాట వినడం నాకదే మొదలు.

తర్వాత ఒక ఆదివారం సారుకు జ్వరమొచ్చి వెళ్లలేకపోయాం. "దేవయ్య మళ్ల మంచమెక్కుతడేమో" అని ఆయన దుప్పట్లోంచి ఒకటే గొణుగుడు. ఆయన జ్వరం తగ్గాలనీ, దేవయ్య మంచం ఎక్కకూడదనీ నేను ఒకే ప్రార్థనలో అడిగేశాను.

మధ్యాహ్నం సారు వాకిట్లో ఆటో ఆగింది. ముందు కర్ర దిగింది, వెనక దేవయ్య దిగాడు. రెండో చేతిలో కుండీ. వనిత చేతిలో అరటిపళ్లు.

సారు లేచి కూర్చున్నాడు. "నన్ను చూడ వచ్చినవా, దేవయ్యా?"

"నిన్నెవడు సూస్తడు సారూ? మొక్కను సూపియ్య వచ్చిన." దేవయ్య కుర్చీలో కూలబడి, అంగీ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "కాడలు తుంచుతున్నవని నాకెర్కే. తాటి మట్టల సందుల సూసిన కండ్లివి. గోడ దిక్కున్న కాడ నీ కంట వడకుంట దాసిన. కాయ నలిపి సూసిన, అంతా తాలే. గిది రెండు జాతుల కలుపే."

"ఎన్నడు చూసినవ్ బాపూ?" అంది వనిత.

"మస్తు దినాలైంది బిడ్డా."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే సారు వస్తడా?"

రమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేమందరం సారు ముఖంలోకి చూశాం. ఆయన దిండు కింది నుంచి భూతద్దం తీసి, పొట్లంలోని పొట్టును చాలాసేపు చూశాడు.

"ఒక్క కాయతోని ఏమెర్కైతది? ఇంకోటి చూడాలె."

"నేనూ గదే అంటున్న," అన్నాడు దేవయ్య అరటిపండు ఒలిచి ఆయనకు అందిస్తూ. "వచ్చే ఆదివారం మా ఇంట్లనా, మీ ఇంట్లనా?"

సారు పండు కొరికాడు.

"గదింకా తేలలే."