గాటు పడ్డ కటారు

మా చిన్నప్పుడు... మొఘల్‌పురాలో మా ఇంటి సందూకు అడుగున, ఎర్రగుడ్డలో చుట్టి ఒక కటారు ఉండేది.

మామూలు కత్తిలా ఉండదు అది. పిడి అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగించి పట్టుకుంటే, అలుగు వేళ్ల ముందుకు పొడుచుకొస్తుంది. నానమ్మ వాళ్ల ముత్తాత ఫౌజులో ఉండేవాడట. శత్రువు మీదికొచ్చేసి తల్వారు తిప్పే జాగా లేనప్పుడు, దీనితో గుద్దేవారట. మొన అంత మందంగా ఉండేది అందుకే... ఇనుప గొలుసుల చొక్కా కూడా చీలాలి కదా!

అంచుకు ఒకచోట లోతైన గాటు. అందులో గోరు పెట్టి ఆడుకోవడం నా పని.

మా ఇంటి పిల్లను చేసుకునే పెళ్లికొడుకు, మొనకు నిమ్మకాయ గుచ్చిన ఆ కటారునే పట్టుకోవాలి. మా అక్క పెళ్లి కుదిరినప్పుడు మగపెళ్లివారు దాన్ని చూసి మొహం చిట్లించారు. గాటు పడ్డ కత్తి శుభానికి పనికిరాదట!

బాపు భయపడ్డాడు. అంచంతా అరగదీయించి గాటు పోగొడదామని బయలుదేరాడు. నానమ్మే సందూకు తెరిచి కటారు తీసిచ్చింది... పెళ్లి ఆగిపోతుందేమోనని. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరో వచ్చి మన వస్తువుకు వంక పెడితే మనం తల దించుకోవాలా?

నేను ఏడుస్తూ బాపు వెంటపడ్డాను.

పత్తర్‌గట్టి వెనక సందులో కత్తులకు సాన పట్టే చాచా ఉండేవాడు. గాటును బొటనవేలితో తడిమి, తిరిగే చక్రం ఆపేశాడు.

"ఏంది భాయ్, దీన్ని తీసెయ్యాల్నా? ఇది తల్వార్ దెబ్బ. ఎవలో కటార్ అడ్డం పెట్టి ఆపిండు."

"అవు చాచా, మా అమ్మోళ్ల ముత్తాత... గానీ మగపెళ్లోళ్లు అపశకునం అంటున్రు."

"అరె, దెబ్బ దీనికి పడ్డది గనుకనే మీ పెద్దాయన జిందా ఇంటికొచ్చిండు! ఆయన రాకుంటే మీ అమ్మ ఏడికెల్లొస్తది? నువ్వేడికెల్లి? పెళ్లిపిల్ల ఏడికెల్లి? ఇంతకన్న శుభం ఏముంటది?"

నా దిక్కు చూశాడు. "ఏడుపు బంద్ చెయ్ బేటీ. తుప్పు తీస్త. గాటు మాత్రం ముట్ట."

బాపు అదే మాట మగపెళ్లివారికి చెప్పాడు. వాళ్లు ఇంకా నసుగుతుంటే కాబోయే బావే లేచి, "నేను గిదే పట్టుకుంట" అన్నాడు.

బారాత్ నాడు బావ దాన్ని వంకాయలు కోసేవాడిలా పట్టుకున్నాడు. జనంలోంచి చాచా దూసుకొచ్చాడు.

"దుల్హే మియా, ముఠ్ఠీ బిగించు! లడాయికి పోతున్నవా, కూర తరగనీకి పోతున్నవా?"

బ్యాండువాళ్లు కూడా నవ్వారు. నానమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది...

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో అద్దె కటార్లు. రేకు ముక్కకు అద్దాలు అంటించినవి. ఆన్‌లైన్‌లోనైతే పాతకాలపుదిలా కనబడాలని మిషన్‌తో గాట్లు పెట్టి మరీ అమ్ముతున్నారు. థూ!

నేను లేత్ మిషన్ మీద పనిచేస్తాను. ఏటా దసరాకు నా పానాలు, పనిముట్ల పక్కన మా కటారును పెట్టి పసుపు కుంకుమలు పెడతాను. గాటులో ఓసారి గోరు పెట్టి చూస్తాను. చాచా ఇప్పుడు లేడు... ఆయన ఆ రోజు ఆపిన చక్రానికి మాత్రం నా దండం ఎప్పుడూ ఉంటుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటే చెప్పండి. గాట్లు మాత్రం అరగదీయకండి... ఆ దెబ్బ అది తిన్నందుకే మీరున్నారేమో!