చిత్రావతి ఇసకలో నాయన కాళ్లు

మా నాయన తాగి తాగి కాళ్లు పోగొట్టుకున్నాడని ధర్మవరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిపందిట్లో నా ఎదుటే, పైగా జాలిపడుతూ చెబుతారు. పచ్చి అబద్ధం. ఆయన సారాయి ముట్టిన మనిషి కాడు.

డెబ్భైల చివర్లో నేను అనంతపురంలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. నాయన పట్టుచీరలు నేసేవాడు. పొద్దున మగ్గం దాకా బాగానే నడిచేవాడు. ఎండెక్కేసరికి కుడికాలు లేచేది కాదు. మగ్గం తొక్కాల్సిన కాలు. ఆ పక్క నడుము పైకెత్తి, కాలును కొడవలిలా బయటికి తిప్పి వేసేవాడు. పాదం ముందుభాగం నేలకు రాసుకుపోయేది. కుడి చెప్పు ఒక్కటే బొటనవేలి దగ్గర అరిగి చిల్లు పడేది.

"ఏమన్నా, పట్టపగలే వేసుకొస్తివా?" అని అరుగుల మీద నవ్వేవాళ్లు. మా చిన్నాయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఒకరోజు ఆయన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చి, వీధి దుమ్ములో నాయన అడుగులు చూపించాను.

"చూడు చిన్నాయనా. తాగినోడి అడుగులు యాడబడితే ఆడ పడతాయి. ఈడ చూడు, అడుగడుక్కీ కుడిపక్కే ఈడ్చిన గీత ఉండాది."

"నిన్ను కాలేజీకి పంపించింది దుమ్ము చదవనీకా మే?" అని దులుపుకుని పోయాడు.

ఇంట్లో అవ్వ తీర్పు వేరు. ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే చెమ్మ ఎముకల్లోకి దిగిందట. మా నేతగాళ్ల ఇళ్లలో ఏ కాలి జబ్బుకైనా ఇదే కారణం. మందూ ఒకటే: ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఎండిపోయిన చిత్రావతి ఏట్లో కాళ్లను మోకాళ్ల దాకా కాలే ఇసకలో పూడ్చడం. తాగుబోతు అనే మాట కన్నా ఇదే నయమనిపించి నేనూ నమ్మాను. "ఇంకా పొయ్యి మే, చెమ్మంతా దిగాల" అని అవ్వ అంటుంటే నా చేతులతోనే ఇసక పోశాను. మూడు ఎండాకాలాలు. ప్రతిసారీ నాయన లేవలేక, చెరోపక్క మేం పట్టుకుని నడిపించుకొస్తే, వీధివాళ్లకు అది ఇంకో సాక్ష్యం.

ఎనభైల్లో బెంగళూరు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఆయన్ను వరండాలో అటూ ఇటూ నడిపించి చాలాసేపు చూశాడు. పరీక్షలన్నీ అయ్యాక, మెదడులోనూ వెన్నులోనూ నరాల పైపొర అక్కడక్కడా దెబ్బతిన్నదని, దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారని చెప్పాడు. తర్వాత అడిగాడు: "వేడి తగిలితే నడక ఇంకా కష్టమవుతుందా?"

నాయన నావైపు చూడలేదు. "అవును సార్. ఇసకలో పెట్టినప్పుడల్లా కాలు నాది కాకుండా పోతాండె."

వేడివల్ల జబ్బు ముదరదనీ, ఒళ్లు చల్లబడేదాకా నడక మాత్రం పోతుందనీ డాక్టరు అన్నాడు. నా మొహం చూసి ఊరట కోసమే అన్నాడేమో, నాకేం ఊరట కలగలేదు. ఊరికి వచ్చి జబ్బు పేరు చెబితే చిన్నాయన, "తాగుడుకు ఇంగ్లీషులో అట్లా అంటారా?" అన్నాడు. ఆ మాటకు ఆయనతో ఆ రోజు నుంచి మాటల్లేవు, ఇప్పటికీ.

నాయన పోయి చాలా ఏళ్లయింది. వీధి ఏమన్నా ఆయన నోరు విప్పలేదు, సరే, అది వీధి. ఇసక పోసింది నేను. నాకైనా "చాలు, ఆపు" అని ఎందుకు చెప్పలేదు?