చచ్చిన మొక్కలు చూపించిన మరిది

మరిదికి ఒక జబ్బుంది. ఏ విషయమైనా చెడ్డముక్క ముందు చెప్పేస్తాడు. చావుకబురు చల్లగా చెప్పేవాళ్లను వదిన చాలామందినే చూసింది గానీ, అడక్కుండానే వేడివేడిగా వడ్డించేవాణ్ణి ఇతనొక్కణ్ణే చూసింది.

తన పాత స్కూటరు కొందామని వచ్చినాయన దాన్ని నిమిరి ముచ్చటపడుతుంటే, "బ్రేకు పడదు, హారను ఆగదు. తీసుకుంటారా?" అన్నాడు మరిది. ఆయన వచ్చినదారినే పోయాడు.

"కాస్త నోరు అదుపులో పెట్టుకోవయ్యా!" అంది వదిన.

"కొన్నాక గోడకి గుద్దుకుంటేనో?"

"గుద్దుకోవాలన్నా ముందు కొనాలిగా!"

ఇలాంటివాడికి దొరికిన ఉద్యోగం చూడండి: బీడునేలల్లో ఇసుక మేటవేయకుండా చెట్లు పెంచే ఆఫీసు. డబ్బు పరాయిదేశాలది. ఇచ్చినవాళ్లు చూసి మెచ్చుకుంటేనే మళ్లీ ఇస్తారు. ఈ ఏడు వెనకచేలో మొక్కలన్నీ మాడిపోయాయి.

"వాళ్లొస్తే రోడ్డుపక్క పచ్చగా ఉన్న నేలచెక్క చూపించు," అన్నాడు పెద్దసారు. "ఎండినవాటి గురించి అడిగితే, నీళ్లుపోసే ఆడవాళ్లు బద్ధకించారని చెప్పు. వాళ్లను మాన్పించేద్దాం."

ఆ ఆడవాళ్లంతా వదిన వీధివాళ్లే. ఆ కూలి పోతే పొయ్యి వెలగనివాళ్లు.

డబ్బిచ్చినవాళ్లు చూడ్డానికొచ్చిన రోజు, ఆ అతిథులకి భోజనం పట్టుకుని వదిన వెళ్లేసరికి, మరిది వాళ్లను సరాసరి వెనకచేలోనే నిలబెట్టాడు. "ఇదిగోండి, ఒక్కటీ బతకలేదు!" అంటున్నాడు, కొత్తిల్లు చూపించినంత సంబరంగా.

"నీళ్లు పోయలేదా?" అని అతిథుల్లో పెద్దావిడ దుబాసీ చేత అడిగించింది.

"చంటిపిల్లకి పోసినట్టు పోశారండీ. నిప్పులుచెరిగే ఎండల్లో నాటితే సముద్రం పోసినా బతకవు. ఏడాదిలోపు డబ్బు ఖర్చవ్వాలని మీరన్నారు. వానలదాకా ఆగితే గడువు దాటుతుందని నేనే తొందరపడి నాటించా. తప్పు సగం మీది, సగం నాది."

పెద్దసారు మొహం మొక్కలతో పోటీపడి ఎండింది. పెద్దావిడ మాత్రం పకపకా నవ్వింది.

"ఎక్కడికెళ్లినా పచ్చటివే చూపిస్తారు. చచ్చినవి చూపించింది మీరొక్కరే," అంది. డబ్బిస్తామంది. ఈసారి వానలు పడ్డాకే నాటమంది. నీళ్లుపోసేది మళ్లీ ఆ ఆడవాళ్లే కావాలంది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే వదినకి తట్టింది.

"ఏమయ్యా, ఆ మొక్కలు నాటినప్పుడు నువ్వు జ్వరంతో మంచంలో ఉన్నావుగా! నాటించింది మీ పెద్దసారు కదూ?"

మరిది గోడకేసి చూశాడు. "ఆయన నోరు తెరిస్తే ఆడవాళ్ల పేరే చెప్పేవాడు వదినా. మరి ఆ మొక్కల్ని ఎవరో ఒకరు చంపాలిగా!"

"అంటే అబద్ధమాడావా! నువ్వు!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మెల్లగా వదినా," అన్నాడు తలుపు దగ్గరగా వేస్తూ. "నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది."