మల్సున్ దొంగచాటుగా నేర్చిన భాష

కొరియాలో మా సోల్మి ఊళ్లో మల్సున్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆవిడ నోరే. డెబ్బై ఒకటో ఏట కూడా వెల్లుల్లి చేనుకి ఈ చివర నిలబడి ఆ చివరనున్న కూలీలను తిట్టిపోసేది, మైకు అక్కర్లేకుండా. అలాంటి మనిషి మొన్న చలికాలమంతా నోరు కట్టేసుకుని, ఊరి హాల్లో ఓ మూల గోడకేసి తిరిగి కూర్చుంది. చెవిలో వైరు, ఒళ్లో అద్దం పగిలిన ఫోను. తక్కిన ముసలమ్మలంతా పాత పాటలు వింటోందనుకున్నారు. కొడుకు పోయిన దుఃఖం, పోనీలే పాపం అని, ఉడికించిన చిలగడదుంపల్లో పెద్దది తీసి ఆవిడ పక్కన పెట్టేవాళ్లు.

ఆవిడ వింటున్నవి పాటలు కావు, వియత్నాం భాష పాఠాలు. ఇంట్లో నెట్ లేదు, హాల్లో అయితే ఊరికే వస్తుంది.

ఇదంతా పక్కింటి పిల్‌నామ్ పెట్టిన చిచ్చు. శరదృతువులో ఇద్దరూ అరుగు మీద కూర్చుని విత్తనపు రెబ్బలు విడదీస్తుంటే, పిల్‌నామ్ ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

"వదినా, వాగు అవతలి ఊళ్లో ఆ కోడలు లేదూ, పిల్లతో సహా ఉడాయించిందట. మొగుడు పొలం నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ."

"దాని మొగుడు బతికున్నాడుగా. అయినా పోయిందా?"

"అదే నేననేది. మరి నీ కోడలికి ఆ కట్టు కూడా లేదాయె. ప్రతి ఆదివారం పెరట్లో జాడీల దగ్గర నిలబడి ఫోన్లో ఏం గుసగుసలాడుతోందో నీకేమైనా తెలుసా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది. నోర్మూసుకుని రెబ్బలు తియ్."

పిల్‌నామ్‌ని కసిరిందే గానీ, మల్సున్‌కి ఆ పూట అన్నం సయించలేదు.

కోడలి పేరు దియెప్. ఏడేళ్ల కిందట కొడుకు గిబొమ్ వియత్నాం వెళ్లి పెళ్లాడి తెచ్చుకున్నాడు. వచ్చిన రోజే పాస్‌పోర్టు తీసుకుని చలికాలపు బొంతల మడతల్లో దాచేసింది మల్సున్. ఊళ్లో విదేశీ కోడళ్లున్న ప్రతి అత్తా చేసిన పనే అది, ఈవిడేం కొత్తగా చెయ్యలేదు. మనవరాలు బోమి పుట్టాక ఇంకో ఆజ్ఞ కూడా వేసింది, "ఈ గడప లోపల మీ భాష వినబడకూడదు. పిల్ల బళ్లో వెనకబడిపోతుంది" అని. దియెప్ తలూపింది. అప్పట్నుంచి తల్లితో మాట్లాడాలంటే వానైనా మంచైనా పెరట్లోకి పోయేది. రెండేళ్ల కిందట గట్టు మీద ట్రాక్టర్ తిరగబడి గిబొమ్ పోయాడు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు, అందులో ఒకత్తెకి ఇప్పుడు అయిదేళ్లు.

ఆ పిల్ల కూడా పోతే? ఆ ఆలోచన రాగానే మల్సున్ లేచి వెళ్లి బొంతల మడతల్లో పాస్‌పోర్టు తడిమి చూసుకునేది. ఎవరినో బతిమాలి ఆ గుసగుసలకి అర్థం చెప్పించుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది. సరే, నేనే నేర్చుకుంటా, ఎలా పారిపోతుందో చూస్తా అనుకుంది.

కొడుకు డ్రాయరు వెతికితే వియత్నాం మాటలు నేర్పే పల్చటి పుస్తకం ఒకటి దొరికింది. పెళ్లికొడుకులకి టౌన్లో ఊరికే పంచిపెట్టిందే. మొదటి రెండు పేజీలే నలిగాయి. 'వెధవ, పెళ్లాంతో మాట్లాడ్డానికి రెండు పేజీలు చాలనుకున్నాడు' అని తిట్టుకుంది, తిట్టుకుని ఏడ్చింది. తను మటుకు ఏం చదివింది గనక? రెండో క్లాసు. కొరియన్ అక్షరాలు కుదురుగా రాయడం వచ్చింది అరవయ్యో ఏట, ఈ హాల్లోనే. ఆ అక్షరాలతోనే వియత్నాం మాటల పలుకుబడిని పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకుని రవికలో దాచుకునేది. చేలో ఒక్కతే ఉన్నప్పుడు తీసి గట్టిగా చదివేది. ఆ భాషలో ఒక్కో మాటకీ గొంతు లేపాలి, దించాలి, విరవాలి. గట్టు మీది కాకులు అదిరి లేచిపోయేవి.

నాలుగు నెలలు ఇలా కష్టపడి, ఒక ఆదివారం వంటింటి కిటికీ ఓరగా తెరిచి చెవి పెడితే, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఫోన్లో పాఠం చెప్పే అమ్మాయిది ఉత్తరాది యాస, దియెప్‌ది దక్షిణాన అట్టడుగు యాస.

"వీళ్ల దుంప తెగ, ఒక్క దేశానికి ఎన్ని నోళ్లే!" అనేసింది పైకే.

"ఏంటి నాయనమ్మా?" అంది బోమి.

"ఏం లేదు, అన్నం తిను."

అయినా వదల్లేదు. దియెప్ వాళ్ల వైపు పడవ మీద పళ్లమ్ముకుంటూ ఫోను వీడియోల్లో కబుర్లు చెప్పే ఒక లావుపాటావిడని పట్టుకుంది. ఇంకో నెల ఆవిడ వాగుడంతా విన్నాక, పొగమంచులో కొండ బయటపడ్డట్టు మెల్లిగా మాటలు తెలియసాగాయి.

మొట్టమొదట పూర్తిగా అర్థమైన మాట ఇది.

"లేదమ్మా, బాగా చూసుకుంటుంది. చేప వండితే మా అత్తయ్య నడుమ ముక్క నాకే వేస్తుంది."

కిటికీ వెనక మల్సున్ చేతిలో కత్తి ఆగిపోయింది. నడుమ ముక్క బోమికి. తల, తోక కోడలికి. ఏడేళ్లుగా అంతే. దియెప్ అక్కడితో ఆపలేదు. చలికి అత్తయ్య కొత్త కోటు కొనిచ్చిందంది, జ్వరమొస్తే పక్కనే కూర్చుందంది. కోటూ లేదు, కూర్చున్నదీ లేదు. పారిపోయే పథకాలు వినడానికి కాపు కాస్తే తన మీద పొగడ్తలు వినాల్సి వచ్చింది, అన్నీ అబద్ధాలే. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది మల్సున్‌కి. మర్నాడు చేప వండి నడుమ ముక్క కోడలి గిన్నెలో వేసింది.

"పిల్లకి వెయ్యండి అత్తయ్యా."

"తిను. ఎముకల పోగులా ఉన్నావ్, నలుగురూ నన్నంటారు."

చేలో మొలకలు ప్లాస్టిక్ షీటు చీల్చుకుని లేచే నాటికి, స్పీకర్లో పెట్టిన ఫోన్లో దియెప్ తల్లి గొంతు సన్నబడింది. మాటల మధ్య దగ్గు, ఆయాసం. ఆ తర్వాత కాలేయం అన్న మాట వినబడింది. అన్నగారు ఫోను తీసుకుని, వానాకాలం దాకా ఉండడం కష్టమన్నారు చెల్లీ, అన్నాడు. తల్లి మాత్రం ఒకటే అడిగేది.

"ఎప్పుడొస్తావే? ఒక్కసారి కనబడిపో."

"వెల్లుల్లి తవ్వడం అయిపోగానే వచ్చేస్తానమ్మా. ఇక్కడ ఊపిరాడని పని."

పాస్‌పోర్టు అత్త దగ్గరుందని ఒక్కసారి కూడా అనలేదు ఆ పిల్ల. అదే వారంలో అన్నం తినేటప్పుడు మెల్లిగా కదిపింది.

"అత్తయ్యా, నా పాస్‌పోర్టు..."

"పొలం కాగితాల్లో ఎక్కడో కలిసిపోయింది. వెల్లుల్లి అయ్యాక వెతుకుతా."

దియెప్ ఎందుకు అడిగిందో చెప్పలేదు. ఎందుకో తనకి తెలుసని మల్సునూ చెప్పలేదు.

మూడుసార్లు బొంతలు దించి తీసింది. మూడుసార్లూ మళ్లీ అక్కడే పెట్టేసింది. మంచి మనిషా, చెడ్డ మనిషా అని అడిగితే నేనేం చెప్పలేను, భయపడ్డ మనిషి. బోమిని తీసుకుని పోతే తిరిగొస్తుందా? కన్నతల్లి ఒళ్లో పడ్డ పిల్ల మొగుడు లేని అత్తింటికి ఎందుకొస్తుంది? తను కడుపుకోత అనుభవించింది కాబట్టి ఎదుటి తల్లి బాధ తెలియాలి. తెలిసింది, బాగా తెలిసింది. అయినా చెయ్యి ముందుకు రాలేదు. వెల్లుల్లి మొగ్గకాడలు లాగడం అయ్యాక ఇద్దాం అనుకుంది. అవి అయ్యాక, మెట్ట చేను తవ్వాక అనుకుంది. ఈ లోపల అవతలి తల్లికి చెప్పడానికి కొన్ని మాటలు మాత్రం వల్లె వేసుకుంది. కోడల్ని పంపేటప్పుడు ఫోన్లో తనే స్వయంగా చెబుదామని.

జూన్ మొదట్లో, ఇక ఒక్క మడే మిగిలిన రోజు, తెల్లారగానే పాస్‌పోర్టు తీసి నడుముకి కట్టుకుంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇచ్చేద్దామని ఈసారి గట్టిగానే అనుకుంది. పది గంటలకి చేలో దియెప్ ఫోను మోగింది. గడ్డలు దులుపుతూనే ఎత్తింది. రెండు మాటలు విని, తవ్విన సాలులో అలాగే కూలబడిపోయింది. ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది మల్సున్‌కి.

విమానమెక్కినా మర్నాటి అంత్యక్రియలకి అందదు. మర్నాడు పొద్దున అన్నం బల్ల మీద ఫోను నిలబెట్టి, తలకి తెల్లగుడ్డ కట్టుకుని కూర్చుంది దియెప్. ఫోన్లో శవపేటిక, అగరొత్తుల పొగ, ఏడుపులు. బోమి తల్లి చొక్కా అంచు పట్టుకుని బిక్కమొహం వేసుకుంది. పిల్‌నామ్ కూడా వచ్చి గుమ్మంలో ముక్కు చీదుతోంది.

మల్సున్ చేతులు కడుక్కుని వచ్చింది. పాస్‌పోర్టు కోడలి ముందు పెట్టింది. బల్ల కెదురుగా రెండుసార్లు నేలకి నుదురానించి దండం పెట్టి, లేవకుండా మోకాళ్ల మీదే ఉండి, ఆ దక్షిణాది యాసలోనే చెప్పింది.

"వదినగారూ, నేను దియెప్ అత్తని. నన్ను క్షమించండి. మీ అమ్మాయిని ఇకనుంచి నా కూతుర్లా చూసుకుంటాను."

ఫోన్లో ఏడుపులు ఆగాయి. పిల్‌నామ్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. దియెప్ మెల్లిగా తల తిప్పింది.

"మా భాష మీకు ఎప్పట్నుంచి తెలుసు అత్తయ్యా?" అంది, కొరియన్‌లో.

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ తెల్లగుడ్డ చూశాక చెప్పలేకపోయింది.

"చలికాలం నుంచి."

"జాడీల దగ్గర మాట్లాడినవీ?"

"విన్నాను."

"అమ్మ రమ్మన్నదీ?"

"విన్నానమ్మా."

దియెప్ అత్త మొహంలోకి చూసింది, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. బోమిని ఒళ్లోకి లాక్కుంది. అవతల అన్నగారు కళ్లు తుడుచుకుంటూ అడుగుతున్నాడు.

"చెల్లీ, మీ అత్తగారికి మన మాట వచ్చా! ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఈమధ్యే అన్నయ్యా," అంది దియెప్, తమ భాషలో. "అమ్మతో మాట్లాడాలని నేర్చుకుంది. మంచిది మా అత్తయ్య. నేనొస్తానంటే తనే దగ్గరుండి ప్రయాణం కట్టించింది. నాకే పని తెమల్లేదు. అమ్మకి చెప్పు."

అన్నగారు పెట్టె వైపు వంగి, ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా తల్లికి చెప్పాడు. నేల మీద మోకాళ్ల మీదున్న మల్సున్‌కి ఒక్కటి కూడా తప్పిపోకుండా అన్నీ అర్థమయ్యాయి.